మంచుకొండ ప్రయాణం – ఆదాయ వ్యయాలు

బాలలారా! ఉగాదినాడు పచ్చడి తిన్న తరువాత పెద్దలు పంచాంగం చదువుతూ ఉంటే మీరు విని ఉంటారు. ఏ రాశివారికి ఆ సంవత్సరం ఆదాయం ఎంత, వ్యయం ఎంత అని అందులో చెబుతారు. ఆదాయం 8, వ్యయం 11 అని వస్తే, “ఈ ఏడు కాస్త చెయ్యి బిగించాలి” అని ఎవరో ఒకరు నవ్వుతూ అంటారు. పంచాంగంలోని అంకెల సంగతి ఎలా ఉన్నా, ఆ రెండు మాటలు మాత్రం ప్రతి ఇంటికీ అవసరమైనవి. చేతికి వచ్చేది ఆదాయం. చేతినుండి పోయేది వ్యయం. ఈ రెంటినీ ముందుగానే అంచనా వేసి కాగితంమీద రాసుకొంటే అది ఆదాయ వ్యయ పట్టిక అవుతుంది. దానినే బడ్జెట్టు అంటాము.

దేశాలకు బడ్జెట్టు ఉంటుంది. న్యూజిలాండ్ ప్రభుత్వం సాధారణంగా మే నెలలో తన బడ్జెట్టును ప్రకటిస్తుంది. ఇంటికీ బడ్జెట్టు ఉంటుంది. ఒక చిన్న ప్రయాణానికి కూడా బడ్జెట్టు వేసుకోవచ్చు. మంచుకొండకు వెళ్లాలనుకొన్న ఒక తెలుగు కుటుంబం పద్దు ఎలా వేసుకొన్నదో ఈ పాఠంలో తెలుసుకొందాం.

కొండ సంగతి

తెలుగులో మంచు అనే మాటకు అర్థాలు చాలా ఉన్నాయి. తెల్లవారేటప్పటికి గడ్డిమీద నిలిచే నీటిబొట్లను మంచు అంటాము. దారి కనబడకుండా కమ్ముకొనే తెల్లని పొగను మంచు అంటాము. కొండలపై దూదిలాగా రాలి పేరుకొనే హిమాన్ని కూడా మంచు అనే అంటాము. మన తెలుగు ప్రాంతంలో హిమం కురవదు. ఆంధ్రప్రదేశ్‌లో చింతపల్లికి దగ్గరనున్న లంబసింగిలో మాత్రం కొన్ని శీతాకాలపు ఉదయాలలో గడ్డిమీది మంచుబొట్లు గడ్డకడతాయి. అది చూడటానికే జనం దూరప్రాంతాలనుండి వెళతారు.

న్యూజిలాండ్ భూగోళంలో దక్షిణార్ధాన ఉన్నది. అందువల్ల ఇక్కడ రుతువులు తారుమారుగా వస్తాయి. జూలై నెలలో మన తెలుగు పల్లెల్లో వానలు పడి నాట్లకు సిద్ధమవుతూ ఉంటారు. అదే జూలైలో ఇక్కడ నడి చలికాలం. ఉత్తర ద్వీపంలో అన్నిటికన్న ఎత్తైన రువాపెహు పర్వతం అప్పుడు తెల్లగా మెరుస్తూ ఉంటుంది. దాని ఎత్తు 2,797 మీటర్లు. తూర్పు కనుమలలో ఎత్తైనదిగా చెప్పే మన అరమకొండ 1,680 మీటర్లు. దీనినిబట్టి రువాపెహు ఎంత ఎత్తో మీరే ఊహించుకోండి.

రువాపెహు అగ్నిపర్వతం కూడా. 1995లోను, 1996లోను అది బద్దలై బూడిద చిమ్మింది. మావోరీ ప్రజలకు అది పూజ్యమైన పర్వతం. న్గాటి టూఫరెటోవా తెగ పెద్ద టె హెయుహెయు టూకినో 1887లో ఈ పర్వత శిఖరాలను దేశ ప్రజలందరికోసం ఇచ్చాడు. ఆ దానమే నేటి టోంగరీరో జాతీయ ఉద్యానవనానికి పునాది. కనుక అక్కడికి వెళ్లేవారు పెద్దల ఇంటికి వెళ్లినట్లు మర్యాదగా మసలుకోవాలి. చెత్త వేయరాదు. రాళ్లు ఏరి తెచ్చుకోరాదు.

రెండు పొడవైన పలకలను బూట్లకు బిగించుకొని మంచు వాలుపై జారడమే స్కీయింగ్. రువాపెహుపై మొదటిసారి స్కీలపై జారినది 1913లో. నేడు పర్వతానికి ఒక పక్క ఫకపాప, మరొక పక్క టూరోవా అనే రెండు మంచుమైదానాలు ఉన్నాయి. వాటిని చేరటానికి ఆక్లండ్ నుండి హామిల్టన్ మీదుగా దాదాపు 350 కిలోమీటర్లు ప్రయాణం చేయాలి.

“చూద్దాం” అన్న మాట

ఆక్లండ్‌లో ఒక తెలుగు ఇల్లు ఉన్నదనుకొందాం. ఆ ఇంట్లో నాన్న, అమ్మ, పదకొండేళ్ల అక్క, ఎనిమిదేళ్ల తమ్ముడు ఉన్నారు. అమ్మమ్మ కాకినాడ నుండి వచ్చి కొన్ని నెలలుగా వారితో ఉంటున్నది. నాన్న బస్సు నడుపుతాడు. అమ్మ వృద్ధుల సంరక్షణాలయంలో పని చేస్తుంది. ఊళ్లో ఉన్న నాయనమ్మకు మందుల ఖర్చుకోసం నెలనెలా డబ్బు పంపుతారు.

అక్క తరగతిలో చాలామంది ప్రతి చలికాలంలో మంచుకొండకు వెళ్లి వస్తారు. సెలవుల తరువాత ఎవరెవరు ఎక్కడికి వెళ్లారో బొమ్మ గీసి చూపమని ఉపాధ్యాయిని చెబుతుంది. అక్క మూడేళ్లుగా సముద్రపు ఒడ్డునే గీస్తున్నది. ఈసారి ఉగాదినాడు అక్క ధైర్యం చేసి అడిగింది.

“నాన్నా, జూలై సెలవుల్లో మనమూ మంచుకొండకు వెళదామా?”

“చూద్దాంలే అమ్మా” అన్నాడు నాన్న.

ఆ ఇంట్లో “చూద్దాం” అంటే “కాదు” అని పిల్లలిద్దరికీ తెలుసు. అక్క మారు మాట్లాడలేదు. తల వంచుకొని పళ్లెంలోని బొబ్బట్టును తుంచుతూ కూర్చున్నది. అది చూసి అమ్మమ్మ అన్నది:

“చూద్దాం అంటే సరిపోదు అల్లుడుగారూ. ఏం చూస్తామో చెప్పాలి కదా! లెక్క చూద్దాం. కుదిరితే వెళదాం. కుదరకపోతే ఎందుకు కుదరలేదో పిల్లలకు తెలుస్తుంది.”

కాకినాడలో తాతయ్యగారి కిరాణా కొట్టుకు అమ్మమ్మ ముప్ఫై ఏళ్లు చిట్టా రాసింది. ఆమె ఒక నోటుపుస్తకం తెప్పించి, నడుమ నిలువుగా గీత గీసింది. ఎడమవైపు ఆదాయం, కుడివైపు వ్యయం అని అక్క చేత రాయించింది.

మొదట ఆదాయం

“ఎంత ఖర్చవుతుందో తరువాత. మన దగ్గర ఎంత ఉంటుందో ముందు తేలాలి” అన్నది అమ్మమ్మ.

ఉగాదినుండి జూలై సెలవులకు 15 వారాలు ఉన్నాయి. ఇంటి అద్దె, కరెంటు, సరుకులు, పెట్రోలు పోను వారానికి 50 డాలర్లు పక్కన పెట్టగలమని అమ్మ చెప్పింది. శుక్రవారం రాత్రి బయటినుండి పిజ్జా తెప్పించుకోవడం మానితే మరో 30 డాలర్లు మిగులుతాయి. అంటే వారానికి 80 డాలర్లు. 15 వారాలకు 1,200 డాలర్లు. పిల్లల డిబ్బీలో 70 డాలర్లు ఉన్నాయి. మొత్తం 1,270 డాలర్లు.

తమ్ముడికి ఒక ఆలోచన వచ్చింది. “నాయనమ్మకు పంపే డబ్బు ఒక్క నెల ఆపితేనో?” అన్నాడు.

ఎవరూ మాట్లాడలేదు. అమ్మమ్మ వాడిని దగ్గరకు తీసుకొని, “మందులు నెల ఆగవు నాన్నా” అన్నది. తరువాత నోటుపుస్తకం మొదటి పుటలో, పైన, అక్క చేత ఇలా రాయించింది: ముట్టకూడని పద్దులు – ఇంటి అద్దె, కరెంటు, సరుకులు, నాయనమ్మ మందులు.

పిల్లలూ, మొదటి సూత్రం ఇదే. ఏ బడ్జెట్టులోనైనా ముట్టకూడని పద్దులు కొన్ని ఉంటాయి. వాటిని తీసివేసిన తరువాత మిగిలినదే సరదాకు సొమ్ము.

మొదటి అంచనా

తరువాత నలుగురూ కూర్చొని ఖర్చులు రాశారు. ఇక్కడ ఇచ్చిన ధరలు లెక్క నేర్చుకోవటానికి ఊహించి వేసినవి. అసలు ధరలు ఏటేటా మారుతాయి. మీరు వెళ్లేటప్పుడు అప్పటి ధరలు కనుక్కొని వేసుకోవాలి.

పెట్రోలు లెక్కను నాన్న చెప్పాడు. రానుపోను 700 కిలోమీటర్లు, అక్కడ తిరగటానికి 100 కిలోమీటర్లు, మొత్తం 800. వారి కారుకు 100 కిలోమీటర్లకు 8 లీటర్లు పడుతుంది. 800 కిలోమీటర్లకు 64 లీటర్లు. లీటరు 3 డాలర్లనుకొంటే 192 డాలర్లు. “200 అని రాయి. ఖర్చును ఎప్పుడూ పైకే సవరించాలి, కిందికి కాదు” అన్నది అమ్మమ్మ.

పెట్రోలు – 200
చక్రాలకు వేసే మంచుగొలుసుల అద్దె – 40
గది, 3 రాత్రులు, రాత్రికి 220 – 660
లిఫ్టు టికెట్లు, నలుగురికి 2 రోజులు – 840
స్కీలు, బూట్లు, హెల్మెట్ల అద్దె, నలుగురికి 2 రోజులు – 420
చలికోట్లు, తడవని పంట్లాల అద్దె – 240
స్కీయింగ్ పాఠం, నలుగురికి – 320
బయట భోజనాలు, ఐదుగురికి 4 రోజులు – 500
మొత్తం – 3,220
అనుకోని ఖర్చులకు పదోవంతు – సుమారు 320
అంతా కలిపి – 3,540 డాలర్లు

చేతిలో ఉండేది 1,270. కావలసినది 3,540. లోటు 2,270 డాలర్లు. అక్క కలం కింద పెట్టేసింది.

“లోటును క్రెడిట్ కార్డు మీద వేసి, నెలనెలా తీర్చుకొందామా?” అన్నాడు నాన్న.

“వడ్డీ ఎంత?” అని అడిగింది అమ్మమ్మ.

నూటికి ఏడాదికి 20 అనుకొని అక్క లెక్క కట్టింది. 2,270 డాలర్లు ఏడాదిపాటు అలాగే ఉంటే వడ్డీయే 454 డాలర్లు. మంచు జూలైలో చూస్తారు. అది కరిగిపోయి, మళ్లీ చలికాలం వచ్చినా అప్పు మాత్రం కరగదు. “అప్పు చేసి పప్పుకూడు” అనే సామెత మీరు వినే ఉంటారు. నాన్న నవ్వి, “వద్దులే అత్తయ్యగారూ” అన్నాడు.

ఖర్చులు మూడు రకాలు

మరునాడు అమ్మమ్మ అక్కకు ఒక పని చెప్పింది. ఖర్చులన్నిటినీ మూడు గుంపులుగా విడదీయమన్నది.

ఒకటి, బండికింత. ఇద్దరు వెళ్లినా ఐదుగురు వెళ్లినా ఇది మారదు. పెట్రోలు, మంచుగొలుసులు, గది ఈ రకం.

రెండు, తలకింత. మనిషి పెరిగితే ఖర్చు పెరుగుతుంది. లిఫ్టు టికెట్లు, స్కీల అద్దె, పాఠం ఈ రకం.

మూడు, రోజుకింత. రోజులు పెరిగితే ఖర్చు పెరుగుతుంది. భోజనం ఈ రకం. గది అద్దె కూడా మనుషులను బట్టి మారకపోయినా రాత్రులను బట్టి మారుతుంది.

ఇలా విడదీసి చూస్తే ఎక్కడ తగ్గించవచ్చునో తెలుస్తుంది. రోజులు తగ్గిస్తే మూడో రకం తగ్గుతుంది. జారేవారిని తగ్గిస్తే రెండో రకం తగ్గుతుంది.

స్కీయింగ్ రెండు రోజులకు బదులు ఒక్కరోజు చాలనుకొన్నారు. మొదటిసారి వెళ్లేవారు కొండపైకి వెళ్లే పెద్ద లిఫ్టులు ఎక్కనక్కరలేదు. కొత్తవారికి పాఠం, పరికరాలు, కింది వాలు లిఫ్టు మూడూ కలిపి ఒకే ధరకు ఇచ్చే ఏర్పాటు చాలాచోట్ల ఉంటుంది. పెద్దలకు 180, పిల్లలకు 150 అనుకొన్నారు. “నేను అమ్మమ్మతో కింద కూర్చుంటాను. మీ అమ్మ నేర్చుకోనీ” అన్నాడు నాన్న. అమ్మ మొహమాటపడింది కాని కాదనలేదు. ఆమెకూ ఎప్పటినుండో మనసులో ఉన్నది.

చలికోట్లను తెలిసినవారిని అడిగి తీసుకోవచ్చు. దొరకనివి దాతృత్వ సంస్థలు నడిపే పాతబట్టల దుకాణాల్లో కొనవచ్చు. గదికి బదులు వంటగది ఉన్న చిన్న కాబిన్ తీసుకొంటే భోజనం ఖర్చు సగానికన్న తగ్గుతుంది. మొదటిరోజుకు పులిహోర, దారిలోకి చపాతీలు కట్టుకొంటే సరి.

రెండో అంచనా ఇలా వచ్చింది.

పెట్రోలు – 200
మంచుగొలుసుల అద్దె – 40
కాబిన్, 2 రాత్రులు, రాత్రికి 150 – 300
పాఠం, పరికరాలు, లిఫ్టు కలిపి, ముగ్గురికి – 480
పాత కోట్లు, చేతితొడుగులు – 60
సరుకులు, ఐదుగురికి 3 రోజులు, తలకు రోజుకు 10 – 150
మంచులో జారే ప్లాస్టిక్ పలక అద్దె – 30
మొత్తం – 1,260
అనుకోని ఖర్చులకు పదోవంతు – సుమారు 130
అంతా కలిపి – 1,390 డాలర్లు

3,540 నుండి 1,390కి దిగింది. ఐనా ఇంకా 120 డాలర్లు లోటు ఉన్నది.

అమ్మమ్మ పద్దు

అప్పుడు అమ్మమ్మ, “నన్ను లెక్కలోనుండి కొట్టెయ్యండి. ఈ వయసులో నాకు మంచెందుకు? ఇంట్లో ఉంటాను. మీ లోటు తీరిపోతుంది” అన్నది.

అమ్మ ఏదో అనబోయింది. ఇంతలో అక్క నోటుపుస్తకం తన వైపు లాక్కున్నది. ఒక్కొక్క పద్దు దగ్గర ఆగి, గట్టిగా చదివింది.

“పెట్రోలు బండికింత. అమ్మమ్మ రాకపోయినా 200 డాలర్లే. మంచుగొలుసులు బండికింత. అమ్మమ్మ రాకపోయినా అంతే. కాబిన్ ఆరుగురు పట్టేది. అదీ అంతే. స్కీయింగ్ అమ్మమ్మ చేయదు. ఇక మిగిలినది భోజనం. రోజుకు 10 చొప్పున 3 రోజులకు 30 డాలర్లు. అమ్మమ్మా! నువ్వు రాకపోతే మిగిలేది 30 డాలర్లే. లోటు 120. అదెలా తీరుతుంది?”

అమ్మమ్మ కళ్లద్దాలు సవరించుకొని తానూ లెక్క చూసింది. అక్క చెప్పినది నిజమే. ముప్ఫై ఏళ్లు చిట్టా రాసిన ఆమె తన పద్దు దగ్గర మాత్రం లెక్క చూసుకోలేదు.

“ఇంట్లో ఉన్నా 30 డాలర్ల భోజనం చేస్తావు కదమ్మా!” అని నాన్న అనేసరికి అందరూ నవ్వారు. అవును, అది కూడా నిజమే. ఆ 30 డాలర్లు కూడా మిగలవు.

మరి లోటు ఎలా తీర్చాలి? అమ్మ కాబిన్ ధరలు మళ్లీ చూసింది. శుక్ర, శనివారాల రాత్రులకు ఎక్కువ, వారం నడుమ తక్కువ. ఆదివారం బయలుదేరితే రాత్రికి 110 డాలర్లకే వస్తుంది. రెండు రాత్రులకు 80 డాలర్లు తగ్గాయి. మంచుగొలుసులు పక్కింటివారి దగ్గర ఉన్నాయి. వారి కారుకూ తమ కారుకూ టైరు కొలత ఒకటేనా కాదా అని నాన్న చూసివచ్చాడు. ఒకటే. అద్దె 40 డాలర్లు తప్పింది. 80, 40 కలిపితే 120. లోటు తీరింది. ఆదాయం 1,270, వ్యయం 1,270.

“గొలుసులు లేకుండానే వెళితే?” అన్నాడు తమ్ముడు.

“అది తగ్గించే పద్దు కాదు” అన్నాడు నాన్న. ఫకపాపకు ఎక్కే బ్రూస్ రోడ్డు మంచు గడ్డకట్టినప్పుడు గాజులాగా జారుతుంది. అలాంటి రోజుల్లో గొలుసులు లేని బండిని పైకి పోనివ్వరు. నాన్న ఇంటి ముందే రెండుసార్లు గొలుసులు బిగించి, విప్పి అలవాటు చేసుకొన్నాడు. ధరను తగ్గించవచ్చు కాని భద్రతను తగ్గించరాదు. ఇది రెండో సూత్రం.

దెబ్బ తగిలితే ఎలా అన్న ప్రశ్న కూడా వచ్చింది. న్యూజిలాండ్‌లో ప్రమాదంలో గాయపడినవారి చికిత్స ఖర్చులో చాలా భాగాన్ని ఏసీసీ అనే ప్రభుత్వ పథకం భరిస్తుంది. ఇది 1974 నుండి అమలులో ఉన్నది. చుట్టపుచూపుగా వచ్చినవారికి కూడా గాయాలకు ఇది వర్తిస్తుంది. జబ్బు చేస్తే వర్తించదు. అందుకని అమ్మమ్మ వచ్చేటప్పుడు తీసుకొన్న ప్రయాణ బీమా కాగితాన్ని కూడా సంచిలో పెట్టుకొన్నారు.

గాలి లెక్క తప్పించింది

ఆదివారం బయలుదేరి సాయంత్రానికి చేరారు. సోమవారం పాఠం. కాని తెల్లవారేసరికి కొండమీద పెనుగాలి. లిఫ్టులు నడపటం లేదని కబురు వచ్చింది. తమ్ముడు ఏడుపుమొహం పెట్టాడు. పాఠాన్ని మంగళవారానికి మార్చారు. మంగళవారం సాయంత్రందాకా కొండమీద ఉంటే, చీకట్లో గడ్డకట్టిన దారిన నాలుగున్నర గంటలు బండి నడపాలి. అది మంచిది కాదు. మరో రాత్రి ఆగాలి.

“మరో రాత్రికి డబ్బెక్కడిది?” అన్నది అక్క.

అమ్మమ్మ నోటుపుస్తకం తీసి ఒక పద్దుమీద వేలు పెట్టింది. అనుకోని ఖర్చులు – 130. కాబిన్‌కు 110, సరుకులకు 20. సరిగ్గా సరిపోయింది. ఉగాదినాడు ఆ పద్దు రాసేటప్పుడు అది ఎందుకో పిల్లలకు తెలియలేదు. ఇప్పుడు తెలిసింది.

సోమవారం వృథా కాలేదు. ఫకపాప గ్రామంలోని సందర్శకుల కేంద్రానికి వెళ్లి అగ్నిపర్వతాల సంగతులు తెలుసుకొన్నారు. గాలి తగ్గాక రోడ్డు పక్కనున్న మంచులో ఆడుకొన్నారు. అమ్మమ్మ చేతితొడుగు తీసి గుప్పెడు మంచు పట్టుకొన్నది. “బస్తాలోని ఉప్పులాగా ఉంది” అన్నది.

మంగళవారం ఆకాశం తేటపడింది. అమ్మ, అక్క, తమ్ముడు ముగ్గురూ స్కీలు కట్టుకొన్నారు. ముగ్గురూ పడ్డారు. అందరికన్న ఎక్కువసార్లు పడినది అమ్మ. అందరికన్న ఎక్కువ నవ్వినదీ అమ్మే.

తిరిగి వచ్చాక

ప్రయాణం ముగిసినంత మాత్రాన బడ్జెట్టు పని ముగియదు. అనుకొన్నదెంత, ఐనదెంత అని సరిచూడాలి. వారి లెక్క ఇలా తేలింది.

పెట్రోలు – అనుకొన్నది 200, ఐనది 188
కాబిన్ – అనుకొన్నది 220, ఐనది 330
పాఠం, పరికరాలు, లిఫ్టు – అనుకొన్నది 480, ఐనది 480
కోట్లు, చేతితొడుగులు – అనుకొన్నది 60, ఐనది 48
సరుకులు – అనుకొన్నది 150, ఐనది 170
జారే పలక – అనుకొన్నది 30, ఐనది 0 (పక్క కాబిన్‌వారు ఇచ్చారు)
కొండమీద వేడి చాక్లెట్ పాలు – అనుకోలేదు, ఐనది 30
అనుకోని ఖర్చులకు ఉంచినది – 130
అనుకొన్న మొత్తం – 1,270
ఐన మొత్తం – 1,246
మిగిలినది – 24 డాలర్లు

ఆ 24 డాలర్లు పిల్లల డిబ్బీలోకి వెళ్లాయి. ఆ నెల నాయనమ్మకు పంపవలసిన డబ్బు ఎప్పటిలాగే వెళ్లింది.

పెద్ద సంస్థలకూ ఇదే లెక్క

ఇంటి పద్దును అనుకోని ఖర్చులు తలకిందులు చేసినట్లే పెద్ద సంస్థల పద్దులనూ చేస్తాయి. రువాపెహు మీది రెండు మంచుమైదానాలను నడిపే కంపెనీ 2022 అక్టోబరులో అప్పుల భారంతో చిక్కుల్లో పడి, ఇతరుల నిర్వహణలోకి పోయింది. కోవిడ్ ఆంక్షల వల్ల జనం రావడం తగ్గింది. 2022 చలికాలంలో మంచు సరిగా పడలేదు. లిఫ్టులకు, యంత్రాలకు, పనివారికి ఖర్చు ఉండనే ఉంటుంది. మంచు మాత్రం మనం పిలిస్తే వచ్చేది కాదు. చుట్టుపక్కల ఊళ్లలోని హోటళ్లు, దుకాణాలు, పరికరాలు అద్దెకిచ్చేవారు అందరూ ఆ మంచును నమ్ముకొన్నవారే. 2024లో టూరోవాను కొత్త సంస్థ తీసుకొని నడపసాగింది.

వానను నమ్ముకొన్న రైతు గాదెలో కొంత గింజ దాచినట్లు, మంచును నమ్ముకొన్నవారు కూడా చెడ్డ ఏటికి కొంత దాచుకోవాలి.

పిల్లలూ! బడ్జెట్టు అంటే సరదాలు మానుకోవడం అని కొందరు అనుకొంటారు. ఆ ఇంట్లో “చూద్దాం” అన్న మాటకు అర్థం మార్చినది బడ్జెట్టే. నాయనమ్మ మందులు ఆగకుండా చూసినదీ, అమ్మమ్మను బండి ఎక్కించినదీ బడ్జెట్టే. ఒకవేళ లెక్క కుదరక ఆ ఏడు వెళ్లలేకపోయినా తప్పు లేదు. ఎంత తక్కువైనదో, వచ్చే ఏటికి ఎన్ని వారాలు దాచాలో వారికి తెలిసి ఉండేది. బడి తెరిచాక అక్క గీసిన బొమ్మలో తెల్లని కొండ ఉన్నది. కొండ కింద కుర్చీలో, శాలువా కప్పుకొని, చేతిలో నోటుపుస్తకంతో అమ్మమ్మ ఉన్నది.

అభ్యాసము

అ) కొత్త మాటలు

పద్దు = జమగాని ఖర్చుగాని రాసిన ఒక్కొక్క అంశం
చిట్టా = రోజువారీ జమాఖర్చుల పుస్తకం
లోటు = ఆదాయం కన్న వ్యయం మించినంత సొమ్ము
అంచనా = ముందుగా వేసుకొనే లెక్క
డిబ్బీ = పిల్లలు డబ్బు దాచుకొనే చిన్న పెట్టె
గాదె = ధాన్యం దాచే చోటు

ఆ) ప్రశ్నలకు జవాబులు రాయండి

1. “ముట్టకూడని పద్దులు” అంటే ఏవి? మీ ఇంట్లో అవి ఏవేవి?
2. నాన్న క్రెడిట్ కార్డు సంగతి చెప్పినప్పుడు ఎందుకు వద్దనుకొన్నారు?
3. అమ్మమ్మ రాకపోయినా లోటు తీరదని అక్క ఎలా నిరూపించింది?
4. మంచుగొలుసులు తగ్గించే పద్దు ఎందుకు కాదు?
5. మంచుమైదానాలు నడిపే సంస్థకూ, వానను నమ్ముకొన్న రైతుకూ పోలిక ఏమిటి?

ఇ) లెక్క చేయండి

1. వారానికి 80 డాలర్లకు బదులు 65 డాలర్లే దాచి ఉంటే, డిబ్బీ సొమ్ముతో కలిపి 15 వారాలకు ఎంత అయ్యేది? లోటు ఎంత?
2. ఆరుగురు పట్టే ఆ కాబిన్‌కు మీ ఇంటికి వచ్చిన మేనమామ కూడా వస్తే, ఆయన స్కీయింగ్ చేయకపోతే, 3 రోజులకు పెరిగే ఖర్చు ఎంత?

ఈ) ఈ కింది ఖర్చులు బండికింతనా, తలకింతనా, రోజుకింతనా చెప్పండి

పడవ టికెట్టు, కారు నిలిపే రుసుము, మధ్యాహ్న భోజనం, హెల్మెట్టు అద్దె, పెట్రోలు.

ఉ) చేయవలసిన పని

మీ ఇంటివారితో కూర్చొని ఒక్కరోజు ప్రయాణానికి ఆదాయ వ్యయ పట్టిక తయారు చేయండి. సముద్రపు ఒడ్డుకైనా సరే, గుడికైనా సరే. అనుకోని ఖర్చులకు పదోవంతు వేయటం మరవకండి. తిరిగి వచ్చాక అనుకొన్నదీ ఐనదీ పక్కపక్కన రాసి తరగతిలో చదివి వినిపించండి.